ఎలుగుమడుగు అమావాస్యలు

పోయిన కార్తీకంలో ఒక ఉదయం మా అన్న శంకరయ్య ఫోన్ చేశాడు. "చెల్లె, ఒక్కసారి ఎలుగుమడుగు కాడికి పోయొద్దమా? మోకాళ్లు ఇంక జర మాట ఇంటానయి. ఎండకాలం దాక ఇంటయో లేదో" అన్నాడు. అన్నకు డెబ్బై దాటాయి. జీవితమంతా బండి నడిపిన మనిషి, ఇప్పటికీ పక్కన కూర్చుని వెళ్లడం అవమానంగా భావిస్తాడు. కొడుకు కారు తనే తోలుకుంటూ హన్మకొండలో మా ఇంటి ముందుకు వచ్చి హారన్ కొట్టాడు. నేను బడిపంతులమ్మగా రిటైరయ్యి చాలా ఏళ్లయింది. పొద్దున పూట చేయడానికి పెద్ద పనేమీ లేదు. ఒక సీసాలో నీళ్లు పోసుకుని, పాత చెప్పులు వేసుకుని బయల్దేరాను.

నర్సంపేట తొవ్వ పట్టి పోతుంటే అన్న ప్రతి మలుపునూ పాత పేరుతో పిలుస్తూ నడిపాడు. ఒకప్పుడు బస్సు దిగి అడవిలో పడి నడిచిన దారిలో ఇప్పుడు కారు నల్లటి తారు మీద జారుకుంటూ గేటు దాకా పోయింది. గేటు మీద సిమెంటు నెమలి పురి విప్పి ఉంది. దాని కింద "నెమలి జలపాతం" అని పెద్దక్షరాలు. "ఈడ నెమలి ఎప్పుడు కనవడ్డదే? మనం చూసింది ఎలుగునే గదా" అన్నాడు అన్న, నవ్వుతూనే. జలపాతం కూడా మాకు కొత్తదే. సిమెంటు రాళ్లు పేర్చి, వాటి మీదికి మోటారుతో నీళ్లెక్కించి వదులుతున్నారు. మడుగు చుట్టూ ఇనుప కంచె, దాని మీద ఈత నిషేధం అనే బోర్డు. ఒడ్డున ఉయ్యాలలు, ఫొటోలు దిగడానికి ఎర్రటి సిమెంటు గుండె, చెట్టు నుంచి చెట్టుకు తీగ కట్టి దాని మీద వేలాడుతూ జారిపోయే ఆట. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాళ్ల సంతోషం అబద్ధమని నేననను. పిల్లలకు ఎక్కడైనా సంతోషమే. నేను మాత్రం కంచె పట్టుకుని ఆ పచ్చటి నీళ్లలోకి చూస్తూ నిలబడిపోయాను. ఆ నీళ్లలో మా బాపు ఎక్కడ పడుకునేవాడో వెతుక్కుంటున్నాను.

ఆ మడుగు గురించి చెప్పాలంటే ముందు మా ఇంట్లోని మగ్గం గుంట గురించి చెప్పాలి. వరంగల్ కొత్తవాడలో మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది మనుషులది కాదు, మగ్గానిది. మిగిలిన గదిలో మేం సర్దుకునేవాళ్లం. ఇంట్లో ఎప్పుడూ తడి నూలు వాసన, రంగు గోళెం వాసన, దాని మీద బాపు తాగే బీడీ వాసన. మా ఇంటికి వచ్చిన చుట్టాలు మొదటి రోజు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం అదే గాలి. బాపు జంపఖానాలు నేసేవాడు. తెల్లవారక ముందే మొహం కడుక్కుని, గుడ్డి దీపం పక్కన పెట్టుకుని గుంటలోకి దిగితే నడుం నుంచి కింది మనిషి మాకు కనిపించేవాడు కాదు. కాళ్లు మగ్గం కింది పలకలు తొక్కుతుండేవి, చేతులు ఇనుప పళ్ల పంజాతో దెబ్బ మీద దెబ్బ వేస్తుండేవి. నేసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. అమ్మ అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుట్టేది. ఏమైనా అడగాలంటే ఆ పంజా దెబ్బల మధ్య సందు చూసుకుని అడిగేది. వానకాలంలో గుంటలో నెమ్ము ఊరేది. బాపు భుజాలు, ఛాతీ పహిల్వానులా ఉండేవి. కాళ్లు మాత్రం ఎండ తగలని మొక్కలా పాలిపోయి, సన్నగా, మోకాళ్ల దగ్గర కొంచెం వంగి ఉండేవి. సాయంత్రం గుంటలోంచి పైకి వచ్చాక కాసేపు గోడ పట్టుకుని నిలబడితే తప్ప అడుగు పడేది కాదు.

అమావాస్య నాడు మగ్గం ముట్టేవాళ్లు కాదు. మా వాడంతా అదే రివాజు. ముందు రోజు సాయంత్రం మగ్గాన్ని గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి దండం పెట్టేవాళ్లు. మరునాడు వాడ వాడంతా నిశ్శబ్దం. అలవాటైన చప్పుడు ఆగిపోయేసరికి ముసలివాళ్లకు నిద్ర పట్టేది కాదని అమ్మ అనేది. మగవాళ్లు కొందరు పేకాట, కొందరు కల్లు, కుర్రవాళ్లు సినిమా. మా బాపు ఒక్కడే అడవికి పోయేవాడు. చిన్నప్పుడు మేనమామ వెంట మోదుగుపూల కోసం తిరిగి ఆ మడుగు చూశాడట. పెళ్లయ్యాక అమ్మను, పుట్టాక మమ్మల్ని వెంటేసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆడపిల్లను అడవికెందుకని మా నానమ్మ అడ్డం పడితే, "నెలంత ఇంట్ల నూలు నానవెడ్తాంది గదనే అవ్వా, ఒక్కనాడు అదే నానని" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్లు నవ్వులాటగా మిగిలింది.

అమ్మ చీకట్లో లేచి జొన్నరొట్టెలు కొట్టేది. ఎల్లిపాయ కారం, కోడిగుడ్ల పులుసు, ఒక గుడ్డలో ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు. ఫస్టు బస్సు ఎక్కి, మలుపు దగ్గర దిగి, అక్కడి నుంచి నడక. మొదట్లో బాపు మా అందరి కంటే వెనక నడిచేవాడు. ఆ కాళ్లు నడక మర్చిపోయి మళ్లీ నేర్చుకుంటున్నట్టుండేది. అడవి చిక్కబడే కొద్దీ అడుగు సాగి, మడుగు దగ్గరయ్యే సరికి మేం పరుగెత్తినా అందేవాడు కాదు. ఎండాకాలం ముందు ఇప్పపూల వాసన ఎంత తియ్యగా ఉండేదంటే నాలుక మీద రుచి తెలిసేది. ఎండలు ముదిరితే తునికి పండ్లు, మొర్రి పండ్లు. మొర్రి గింజలు రాయితో కొట్టి పలుకులు తింటూ నడిచేవాళ్లం. వానలు పడ్డాక ఆకు కుళ్లిన వాసన, పుట్టగొడుగుల వాసన. కళ్లకు గంతలు కట్టి విడిచిపెట్టినా అది ఏ నెలో ముక్కుతో చెప్పగలిగేదాన్ని.

గుట్టల మీది నుంచి వచ్చే వాగు రెండు పెద్ద బండల నడుమ ఒదిగి, మద్దిచెట్ల కింద వెడల్పయి, చల్లగా, ముదురాకు రంగులో నిలబడేది. ఎండాకాలంలో ఎలుగుబంట్లు నీళ్లకు దిగుతాయని దానికి ఆ పేరు. ఒకసారి మేం బండ మీదికి ఎక్కేసరికి అవతలి ఒడ్డున నిజంగానే ఎలుగు ఉంది. మూతి నీళ్లకు ఆనించి తాగుతోంది. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బాపు మెల్లగా, "ఊకోండ్రి. అది ముందుగాల వచ్చింది. తాగి పోనియ్యిన్రి" అన్నాడు. మేం కూర్చుని చూశాం. అది తీరికగా తాగి, ఒళ్లు దులుపుకుని పొదల్లోకి పోయింది. ఆ తర్వాతే మేం దిగాం.

ఆ దగ్గర్లోని చిన్న పల్లెలో బుచ్చవ్వ ఉండేది. బర్లు కాసే ముసలామె. మేం వచ్చిన చప్పుడు వినిపిస్తే గురిగిలో చల్ల పట్టుకుని వచ్చేది. మొదటిసారి నేను ఎగువకు పోయి కాళ్లు కడుక్కుంటుంటే గట్టిగా కేకేసింది. "ఓ పిల్లా, గాడ కాదు! పైనవి తాగెటియి. నడుమ మీరు ఈదుండ్రి. కింద నా బర్లు పంటయి. గంతే, ఇగ ఎవల జాగల వాళ్లు" అంది. ఎక్కడా గీత గీసి లేదు, బోర్డు లేదు. ఊళ్లోవాళ్లంతా అట్లాగే నడుచుకునేవాళ్లు. బయటివాళ్లం మేం కూడా అట్లాగే నేర్చుకున్నాం. తిన్న మోదుగాకు విస్తర్లు బర్లకు వేసేవాళ్లం. సబ్బు అనేది ఆ మడుగు ఎరగదు.

బాపు నీళ్లలోకి దిగడం చూడాలి. ధోవతి గోచీ బిగించి, బండ మీద నుంచి దూకకుండా, అడుగడుగునా దిగేవాడు. చల్లదనం మోకాళ్లకు తగలగానే కళ్లు మూసుకునేవాడు. రెండు బారలు ఈది, మడుగు నడిమికి పోయాక ఎల్లెలుకల తిరిగి పడుకునేవాడు. చేతులు బార్లా చాపి, కాళ్లు వదిలేసి, నీళ్ల మీద ఆకులా ఉండిపోయేవాడు. ఆ వంగిన కాళ్లు అక్కడ తిన్నగా సాగేవి. నెలంతా గుంటలో దాగిన కాళ్ల మీద మద్దిచెట్ల సందుల్లోంచి ఎండ పడేది. చిన్న పరక చేపలు వచ్చి మడమలు పొడుస్తుంటే చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వేవాడు. ఇంట్లో ఆ నవ్వు మేం ఎప్పుడూ వినలేదు. అమ్మ ఒడ్డున పొయ్యి రాజేస్తూ ఆయన వైపే చూస్తూ, పొగ కళ్లల్లోకి పోతున్నా చూపు తిప్పేది కాదు.

నాకు ఈత నేర్పింది కూడా అక్కడే. ఎండి డొల్లయిన ఆనిగెపుకాయలు రెండు తాడుతో నడుముకు కట్టి, లంగా గోచీగా చుట్టి, "నీళ్లను కొట్టకు బిడ్డా, నీళ్లతోని పంచాదెందుకు? జరుపు, అంతే" అనేవాడు. మూడో నాలుగో అమావాస్యకు చెప్పకుండా కాయల తాడు విప్పేశాడు. నేను ఈదుతూ అవతలి బండను తాకి వెనక్కి తిరిగి చూస్తే ఆ కాయలు ఆయన చేతిలో ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. పెద్దమనిషినయ్యాక అమ్మ ఇక చాలంది. బాపు తల దించుకున్నాడు. అప్పుడు బుచ్చవ్వే దారి చూపింది. "పెద్ద బండ ఎనుక మా ఆడోళ్ల రేవున్నది. మొగోడు ఎవడు అటు రాడు. నువ్వు గూడ దిగవే, బిడ్డను చూసుకుంట ఉండొచ్చు" అంది అమ్మతో. అట్లా నా కాపలాకని మా అమ్మ నలభై ఏళ్ల వయసులో మొదటిసారి నీళ్లలోకి దిగింది. మద్దివేరు పట్టుకుని, మెడ దాకా మునిగి, "అమ్మో, అమ్మో" అంటూనే పైకి రానంది. బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది. ఊరి ఆడవాళ్లు ఆమె వీపు రుద్దారు, ఆమె వాళ్ల వీపు రుద్దింది. ఇంటికి పోయేటప్పుడు బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. పగటి పూట అమ్మ నిద్రపోవడం నేను చూసింది అదొక్కసారే.

ఇక అన్న సంగతి. అన్నకు మగ్గం పట్టలేదు. గుంటలో కూర్చుంటే ఊపిరాడదనేవాడు. పదో తరగతి తప్పి, లారీల దగ్గర క్లీనరుగా చేరి, డ్రైవింగు నేర్చి, ఒక దోస్తుతో కలిసి పాత మెటడార్ వ్యాను కొన్నాడు. అప్పటికి పవర్‌లూములు వచ్చాయి. నూలు ధర పెరుగుతోంది, జంపఖానా ధర పెరగడం లేదు. మా వాడలో అమావాస్య కాకుండానే మగ్గాలు మూగబోవడం మొదలైంది. బాపు వారంలో రెండు మూడు రోజులు పని లేక అరుగు మీద కూర్చునేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మడుగు దిక్కు మట్టిరోడ్డు పడింది. అన్న మొదట తన దోస్తులను తీసుకుపోయాడు. వాళ్ల నోట విని కాలేజీ లెక్చరర్లు, వాళ్ల నోట విని బ్యాంకు వాళ్లు. ఆదివారం ఆదివారం వ్యాను నిండా జనం. పేపర్లో ఒక ఫొటో కూడా వచ్చిందని, తర్వాత హైదరాబాదు నుంచి కూడా వస్తున్నారని అన్న సంబరంగా చెప్పేవాడు. "మన మడుగును గింతమంది మెచ్చుకుంటాన్లు బాపు" అనేవాడు. బాపు బీడీ పొగ వదులుతూ, "మన మడుగా?" అని మాత్రం అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ వ్యాను మా ఇంటికి అన్నం పెట్టింది. నేను కాలేజీలో చదివింది అన్న తెచ్చిన డబ్బుతోనే. ఆ అన్నం తింటూ మడుగు పాడవుతోందని అనడానికి మా ఎవరికీ నోరు రాలేదు.

ముందు పోయింది ఆడవాళ్ల రేవు. ఎవరో కుర్రవాళ్లు కెమెరా మెడలో వేసుకుని పెద్ద బండ ఎక్కారు. కింద ఉన్న ఆడవాళ్లు తడి చీరలతో పొదల్లోకి పరుగెత్తారు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదేమో, అటు పోకూడదని వాళ్లకు చెప్పినవాళ్లెవరు? ఊరివాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండానే పాటించే కట్టుబాటు వ్యాను దిగి వచ్చినవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? మరుసటి అమావాస్యకు మేం పోతే రేవు ఖాళీగా ఉంది. "వస్తలేరే ఎవ్వలు" అంది బుచ్చవ్వ. "బాయి కాడ ముంతెడు నీళ్లు పోసుకుంటాన్లు. నేనంటె ముసల్దాన్ని, నన్నెవడు చూస్తడు" అని నవ్వింది గానీ ఆమె కూడా దిగలేదు. అమ్మ ఒడ్డున నిలబడి కాళ్లు మాత్రం కడుక్కుంది. ఆ తర్వాత, మోకాళ్ల నొప్పులని, ఇంట్లో పనని, అమ్మ అడవికి రావడమే మానేసింది.

ఒక అమావాస్య ఆదివారం పడింది. అన్న తన గిరాకీలను తీసుకుని ముందే వెళ్లాడు. వ్యానులో రమ్మంటే బాపు రానన్నాడు. నేను, బాపు ఎప్పటిలాగే బస్సులో పోయి, దుమ్ము లేచే రోడ్డు పక్కన నడిచాం. పెద్ద బండ ఎక్కేసరికి మడుగు కనిపించలేదు, మనుషులు కనిపించారు. ఎగువన, బుచ్చవ్వ తాగే నీళ్లన్న చోట, ఎవరో సబ్బుతో తలంటుకుంటున్నారు. ఒక వ్యాను మీద మైకులో సినిమా పాటలు. మద్దిచెట్టు మొదట్లో పొయ్యి పెట్టి బెరడు కాలబెట్టారు. అన్న అటూ ఇటూ తిరుగుతూ అందరికీ ప్లేట్లు అందిస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. "తిరిగి పోదమా బాపు?" అన్నాను. "ఇంత దూరం వచ్చినం గదా బిడ్డా. ఒక్క మునుగు మునిగి పోదం" అన్నాడు. ఎప్పటిలాగే ధోవతి బిగించి, అడుగడుగునా దిగాడు. మోకాళ్ల లోతుకు పోయాక ఉలిక్కిపడినట్టు ఆగాడు. కళ్లు మూసుకోలేదు. కిందికి చూశాడు. ఆయన చుట్టూ నీళ్లు ఎర్రబడుతుండటం నేను ఒడ్డు నుంచే చూశాను.

పగిలిన సీసా అడుగు. కుడిపాదం అడ్డంగా తెగింది. నేను అరిచిన అరుపుకు అన్న బట్టలతోనే నీళ్లలోకి దూకాడు. బాపును వీపు మీద వేసుకుని బండలెక్కించి, తన తువ్వాలతో పాదం కట్టి, గిరాకీలను అక్కడే వదిలేసి వ్యాను తీశాడు. దారి పొడుగునా "బాపు, మాట్లాడు, బాపు" అంటూనే ఉన్నాడు. బాపు నా ఒడిలో తల పెట్టుకుని, "మెల్లగ తోలురా. బండి గుంతల పడ్తాంది" అన్నాడు. దవాఖానలో కుట్లు వేశారు. పుండు మానింది. బొటనవేలు మాత్రం మళ్లీ వంగలేదు. పలక తొక్కాలంటే మగ్గం మనిషికి ఆ వేలే ఆధారం. గుంటలోకి దిగి రెండు మూడు సార్లు చూసుకున్నాడు. పలక జారిపోయి అల్లిక తప్పుతోంది. ఒక సాయంత్రం గుంటలోంచి పైకి వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, "ఇగ కండెలు నేను చుడ్త. నీ రాట్నం ఇటియ్యి" అన్నాడు అమ్మతో. అంతే.

అన్న వ్యాను అమ్మేస్తానన్నాడు. అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి తినకుండా అన్నాడు. "అమ్మి ఏం జేస్తవు?" అన్నాడు బాపు. "సీసా ఎవడు పారేసిండో వాన్ని పట్టుకొస్తవా? తిను. పొద్దుగాల బండి తియ్యి. చెల్లెకు పరీక్ష ఫీజు కట్టాలె." అన్న తిన్నాడు, బండి తీశాడు. కానీ ఆ ఎండాకాలమంతా పని దినాల్లో, ఎవరూ లేనప్పుడు, ఒక గంప పట్టుకుని ఒక్కడే మడుగుకు పోయేవాడు. నీళ్లలో మునిగి అడుగు తడుముతూ గాజుపెంకులు ఏరేవాడు. నేనొకసారి వెంట పోయాను. ఊపిరి బిగపట్టి మునిగి, లేచి, పిడికిలి తెరిచి గంపలో వేసి, మళ్లీ మునిగేవాడు. వేళ్ల నిండా గాట్లు. బుచ్చవ్వ ఒడ్డున కూర్చుని, "చాలు రా కొడుకా, నీ చేతులు గూడ పోతయి" అంటున్నా వినలేదు. సీసాలు తెచ్చేవాళ్లను బండి ఎక్కించుకోనని కూడా పట్టుబట్టాడు. వాళ్లు నవ్వుకుంటూ పక్క బండి ఎక్కి పోయారు. ఆదివారం వచ్చేసరికి నీళ్లలో మళ్లీ పెంకులుండేవి.

బాపు మళ్లీ మడుగుకు పోలేదు. అయితే అమావాస్య పొద్దున నన్ను మాత్రం పొమ్మనేవాడు. "నువ్వు పోయి రా బిడ్డా. మానుకోకు" అనేవాడు. అన్నతో కలిసి జనం రాకముందే పోయి, నాలుగు బారలు ఈది, తడి జుట్టుతో ఇంటికి వచ్చేదాన్ని. బాపు రాట్నం ఆపి, "తల తుడుచుకోకు. జరసేపు ఈడ కూసో" అని పక్కన చోటు చూపేవాడు. ఆయన నా వైపు చూసేవాడు కాదు. నా జుట్టులోంచి వాగు వాసన వస్తుంటే మెల్లగా గాలి పీలుస్తూ, కండె చుట్టుకుంటూ కూర్చునేవాడు. ఆ కాసేపట్లో మా ఇంట్లోని రంగు వాసన కూడా పక్కకు తప్పుకున్నట్టుండేది. ఒకసారి చాలాసేపు అట్లా కూర్చుని, "ఇది వాగు వాసన కాదు గదనే" అన్నాడు. నాకు అప్పటికే తెలుసు. ఎగువన అడవి కొట్టి మిరపతోటలు, పత్తి వేస్తున్నారు. మందు కొట్టిన పంపులు వాగులోనే కడుగుతున్నారు. వాగుకు మోటార్లు పెట్టారు. ఎండలు రాకముందే పారకం ఆగిపోయి, మడుగు నిలవ నీరుగా మారి పాచి కడుతోంది. "ఔను బాపు" అన్నాను. "మరి నువ్వు దిగకు. ఒంటికి మంచిది కాదు" అన్నాడు. అట్లా నా ఈత కూడా ఆగింది.

మరికొన్నేళ్లకు అడవిలో నక్సలైట్ల కోసం పోలీసుల గాలింపులు, కాల్పులు ఎక్కువై వ్యాన్లు బాగా తగ్గిపోయాయి. అన్నకు గిరాకీ లేదు, ఇంట్లో ఇబ్బంది. కానీ ఒకరోజు అన్న వచ్చి, మడుగు ఒడ్డున మళ్లీ ఎలుగు అడుగులు చూశానని చెప్పాడు. బాపు మొహం వెలిగిపోయింది. "నిజంగనా? ఎంత పెద్దయి?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అన్న రెండు చేతులూ చూపించాడు. మనుషులకు భయమేస్తే గానీ వాగుకు విశ్రాంతి దొరకలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మనసు ఒక పక్కకు నిలవదు. ఆ వానకాలంలోనే బాపు పోయాడు. రెండు రోజుల జ్వరం, అంతే. పోయేముందు మడుగు గురించి కలవరించాడని రాస్తే బాగుంటుంది గానీ, అట్లాంటిదేమీ జరగలేదు. అమ్మను మంచినీళ్లు అడిగాడు, తాగాడు, పడుకున్నాడు.

ఆ కార్తీకం రోజు కంచె పట్టుకుని నేను ఇదంతా తలచుకుంటుండగానే విజిల్ వినిపించింది. అన్న కంచె సందులోంచి దూరి, పాంటు మడిచి, నీళ్ల అంచున కూర్చున్నాడు. యూనిఫాం వేసుకున్న కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, "పెద్దనాన్నా, లోపటికి పోవద్దు. పైనున్నోళ్లు నన్నంటరు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఏ ఊరని అడిగితే ఆ పక్క పల్లేనని చెప్పాడు. ఈత వచ్చా అని అడిగాను. "రాదమ్మా. ఈడ ఈత ఎవలకు వస్తది? మా ఊళ్లె ఎవ్వలకు రాదు" అన్నాడు. వాగు ఒడ్డున పుట్టిన పిల్లవాడు. అన్నకు చెయ్యందించి లేపి, జాగ్రత్తగా కంచె ఇవతలికి తీసుకొచ్చాడు. ఈ ఉద్యోగం లేకుంటే తను కూడా హైదరాబాదు పోయి వాచ్‌మన్ అయ్యేవాణ్నని, ఇక్కడైతే అమ్మ దగ్గర ఉంటున్నానని చెప్పాడు. ఆ కంచె మీద నాకున్న కోపంలో కొంత అక్కడే వదిలేయాల్సి వచ్చింది.

కారులో కూర్చున్నాక అన్న తాళం తిప్పలేదు. తడి పాదాలు తుడుచుకోకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. ఎదురుగా ఒక బస్సులోంచి బడిపిల్లలు వరసగా దిగుతున్నారు. "చెల్లె, ఒక మాట అడుగుత, నిజం చెప్పు" అన్నాడు. "నేను తొవ్వ చూపియ్యకపోతె ఇంకెవడన్న చూపిస్తుండె గదా? రోడ్డైతె ఎట్లన్న పడుతుండె. జనమైతె ఎట్లన్న వస్తుండె."

"వస్తుండ్రి అన్నా" అన్నాను. "నువ్వు కాకుంటె ఇంకొకరు."

అన్న తల ఊపి కారు తీశాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. ఎవరో ఒకరు చూపించేవాళ్లే, జనం వచ్చేవాళ్లే, మడుగు ఇట్లాగే అయ్యేది. కాకపోతే కొంచెం ఆలస్యంగా అయ్యేది, ఒక నాలుగైదు ఎండాకాలాలు ఆలస్యంగా. ఆ ఎండాకాలాల్లో అమావాస్య వచ్చినప్పుడల్లా మా బాపు ఆ నీళ్ల మీద చేతులు చాపి పడుకుని ఉండేవాడు. ఆ మాట అన్నతో అనలేదు. అద్దం దించుకుని, మలుపు దాకా బయటికి చూస్తూ కూర్చున్నాను.